నీళ్లొక్కటే కాదు, నది అడుగు మట్టినీ పరీక్షించండి: పర్యావరణ శాఖ మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన పర్యావరణ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నదిలో సీసం, కాడ్మియం, పాదరసం కలుస్తున్నాయని జనం మొత్తుకున్న ప్రతిసారీ మీ శాఖ నుంచి వచ్చే జవాబు ఒక్కటే: "శాంపిల్ తీశాం, అన్నీ పరిమితి లోపలే ఉన్నాయి." ఆ రిపోర్టు అబద్ధమని నేను అనడం లేదు. వెతకాల్సిన చోట వెతకలేదంటున్నాను.

నదిలో పడ్డ లోహాల్లో ఎక్కువ భాగం సన్నటి బురద రేణువులకు అంటుకుని అడుగుకు చేరుతుంది. పైపైన ఒక సీసాడు నీళ్లు ముంచుకెళ్లి, ల్యాబ్‌లో వడకట్టి, ఆ తేటను పరీక్షిస్తే ఏం తేలుతుంది? వరద వచ్చినా, ఇసుక తోడినా, నీటిలో ఆమ్లగుణం పెరిగినా ఆ బురదలోని లోహం మళ్లీ పైకొస్తుంది. ఫ్యాక్టరీ మూతపడి ఏళ్లు గడిచినా సరే.

రిపోర్టుల్లో తరచూ కనిపించే "బీడీఎల్" సంగతీ చూడండి. యంత్రం పట్టుకోగలిగిన స్థాయి కన్నా తక్కువ ఉందని దానర్థం. తాగునీటిలో సీసం లీటరుకు 0.01 మిల్లీగ్రాము దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకం. 0.05 కన్నా తక్కువ ఉంటే పట్టుకోలేని యంత్రంతో కొలిస్తే, సీసం పరిమితికి నాలుగు రెట్లున్నా కాగితం మీద "బీడీఎల్" అనే పడుతుంది. చదివినవాళ్లు హమ్మయ్య అనుకుంటారు!

ఇక "నీళ్లు మరగబెట్టి తాగండి" అనే ప్రకటన. దాంతో క్రిములు చస్తాయి, లోహాలు పోవు. నీళ్లు ఆవిరై తగ్గేకొద్దీ మిగిలినదాంట్లో లోహం పాలు ఇంకా పెరుగుతుంది.

పిల్లల రక్తంలో సీసం ఇంతవరకు ఉంటే ఫర్వాలేదని చెప్పగల స్థాయి ఏదీ లేదని వైద్యులు ఏనాడో తేల్చారు. ఎదిగే మెదడును అది దెబ్బతీస్తుంది. శరీరం దాన్ని కాల్షియంలాగే ఎముకల్లో దాస్తుంది. ఏళ్ల తర్వాత, గర్భంతో ఉన్నప్పుడు, తల్లి ఎముకల నుంచి కదిలి కడుపులోని బిడ్డకు చేరుతుంది. కాడ్మియం మూత్రపిండాల్లో పదేళ్లకు పైగా తిష్ఠ వేస్తుంది. జపాన్‌లో జింజూ నది ఒడ్డున జరిగింది అదే. ఎగువనున్న కమియోకా గని నుంచి కాడ్మియం నదిలో కలిసింది, ఆ నీళ్లు పొలాలకు పారాయి, పంటలోకి చేరింది. మూత్రపిండాలు చెడి, ఎముకలు మెత్తబడి, చిన్న కదలికకే విరిగిపోయేవి. బాధితుల్లో ఎక్కువమంది నడివయసు దాటిన ఆడవాళ్లు. నొప్పితో వాళ్లు పెట్టిన కేకే, "ఇతాయ్ ఇతాయ్", ఆ జబ్బుకు పేరైంది.

జపాన్‌లోనే సముద్రం ఒడ్డునున్న మినమాత పట్టణం కథ మీ అధికారులకు తెలిసే ఉంటుంది. అయినా ఒక ముక్క గుర్తు చేస్తాను. అక్కడి చిస్సో అనే రసాయనాల కంపెనీ నీళ్లలోకి వదిలిన పాదరసంతో వచ్చిన జబ్బు అధికారికంగా బయటపడింది 1956లో. 1958లో ఆ కంపెనీ తన వ్యర్థజలాలను నది ముఖద్వారం వైపు మళ్లిస్తే, జబ్బు కొత్త ఊళ్లకు పాకింది. 1959లో శుద్ధి ప్లాంటు ఆర్భాటంగా ప్రారంభమైంది. శుద్ధి చేసిన నీళ్లంటూ కంపెనీ అధ్యక్షుడు గ్లాసు ఎత్తి తాగి చూపించాడు. ఆ ప్లాంటు పాదరసాన్ని తొలగించేది కానే కాదు. పాదరసం వదలడం ఆగింది 1968లో! అందుకే ఒక మనవి: నది దగ్గరికి వస్తే కెమెరాల ముందు మాత్రం నీళ్లు తాగకండి. ఒక గ్లాసుతో ఎవరికీ ఏమీ కాదు, ఏమీ రుజువు కాదు.

మీరు చేయించాల్సింది వేరే ఉంది. నీటితోపాటు అడుగు మట్టినీ, చేపలనూ పరీక్షించాలి. పాదరసాన్ని బురదలోని బ్యాక్టీరియా మిథైల్ పాదరసం అనే మరింత విషపు రూపంలోకి మారుస్తుంది. అది చిన్న జీవుల నుంచి పెద్ద చేపల్లోకి పోగుపడుతూ వస్తుంది. నీళ్లలో అంకె చిన్నదే కావచ్చు, చేపలో కాదు. శాంపిళ్లు చెప్పాపెట్టకుండా, రాత్రివేళ కూడా తీయాలి. పైపులు ఎప్పుడు తెరుచుకుంటాయో ఒడ్డున ఉండేవాళ్లందరికీ తెలుసు. "పరిమితి లోపలే" అని ఒక్క ముక్క రాసి ఊరుకోకుండా అసలు అంకెలు, యంత్రం కొలవగలిగే స్థాయితో సహా బయటపెట్టండి. నది వెంట ఉన్న పిల్లలకూ గర్భిణులకూ ఉచితంగా రక్తపరీక్ష చేయించండి. ఇది ఆరోగ్య శాఖ పని అని ఫైలు అటు తోయకండి.

మొదటి విడత మట్టి శాంపిళ్లు వరదల కాలానికి ముందే తీయించండి. వరద వచ్చాక ఆ బురద ఏ ఊరి పొలాల్లో మేట వేస్తుందో వెతుక్కోవాల్సి వస్తుంది.

ఇట్లు,
ఆ నది నీళ్లే తాగుతున్న ఒక పౌరుడు