ఆపరేటర్ గది నుంచి మొదలుపెట్టండి: సినిమాటోగ్రఫీ మంత్రిగారికి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ సినిమాటోగ్రఫీ శాఖ మంత్రిగారికి నమస్కారం.

తిరుపతిలో ఏటా ఒక అంతర్జాతీయ చలనచిత్రోత్సవం జరపాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాం. ఎందుకు జరపాలో చెప్పడానికి పేజీలు నింపం. దేశపు తొలి అంతర్జాతీయ చిత్రోత్సవం 1952లో బొంబాయిలో మొదలై మద్రాసుకూ వచ్చింది. చిత్తూరు జిల్లా అప్పటికి మద్రాసు రాష్ట్రంలోనే ఉండేది. డెబ్బై ఏళ్లు దాటినా, కాన్‌లోనో వెనిస్‌లోనో బహుమతి కొట్టిన కొత్త సినిమాను పెద్ద తెర మీద చూడాలంటే ఇక్కడి పిల్లలు చెన్నైకో బెంగళూరుకో బస్సెక్కాల్సిందే. ఆ మాట అక్కడితో వదిలేస్తాం. ఎలా జరపాలన్నదే అసలు సంగతి.

ఇలాంటి వాటికి అంచనా వేసేటప్పుడు మొదట రాసేవి వేదిక, శాలువాలు, జ్ఞాపికలు, ఫ్లెక్సీలు. ప్రొజెక్టర్ నడిపే ఆపరేటర్ గది ఖర్చు ఎక్కడో అడుగున 'ఇతరములు'లో కలిసిపోతుంది. ఆ వరసను తలకిందులు చెయ్యమన్నదే మా విన్నపం.

ముందు హాలు. ప్రభుత్వ కార్యక్రమం అనగానే అందరి చూపూ సభామందిరాల మీదికి పోతుంది. అవి కచేరీలకు, నాటకాలకు కట్టినవి. మాట గోడలకు తగిలి తిరిగొస్తుంది, సినిమా ప్రొజెక్టరూ, దానికి సినిమా అందించే కంప్యూటర్ లాంటి సర్వరూ ఉండవు. పైగా దేవస్థానం హాలు తీసుకుంటే ఏ సినిమా వెయ్యాలో హాలే నిర్ణయిస్తుంది. అది వాళ్లకూ ఇబ్బంది, మనకూ ఇబ్బంది. నడుస్తున్న థియేటర్లలో మూడు తెరలు ఐదు రోజులకు అద్దెకు తీసుకోండి. రోజుకు నాలుగు ఆటల చొప్పున 60 ఆటలు, అంటే ఒక్కొక్కటి రెండుసార్లు వేస్తే 30 సినిమాలు. రాత్రి 9 గంటల ఆట ఏ తెర మీదా ప్రకటించకండి. పగలు ఆగిపోయిన సినిమా వేసుకోవడానికి అది ఖాళీగా ఉండాలి. ఒక్కటైనా ఆగుతుంది, ఆగని ఉత్సవం లేదు.

థియేటర్ ఎంచుకునేటప్పుడు సీట్ల కన్నా ముందు సర్వర్ చూడాలి. విదేశీ సినిమా డీసీపీ (డిజిటల్ సినిమా ప్యాకేజ్) అనే ఫైళ్ల మూటగా హార్డ్ డిస్క్ మీద వస్తుంది. రెండు గంటల సినిమా 100 నుంచి 200 జీబీ దాకా ఉంటుంది. మన దగ్గర కొన్ని థియేటర్లలో ఉన్న ఈ-సినిమా యంత్రాలు డీసీపీని అసలు చదవవు. చదివేవాటిలోనూ పాత సర్వర్లు సెకనుకు 24 ఫ్రేములకే అలవాటు పడ్డవి. యూరప్ నుంచి 25 ఫ్రేములతో వచ్చిన సినిమా ఇస్తే మొరాయిస్తాయి. సర్వర్‌లోకి ఎక్కించడానికే ఒక్కో సినిమాకు గంట నుంచి రెండు గంటలు పడుతుంది కాబట్టి ఆట ముందు రోజు రాత్రే ఆ పని అయిపోవాలి. ఒక సినిమా రెండు ఆటలూ ఒకే తెర మీద వెయ్యండి. తెర మారితే మళ్లీ ఎక్కించాలి, మళ్లీ తాళంచెవి తెప్పించాలి.

ఆ తాళంచెవి పేరు కేడీఎం. నిజానికి అదొక చిన్న ఫైలు. ఫలానా సర్వర్‌లో, ఫలానా తేదీ ఫలానా గంట నుంచి ఫలానా గంట దాకా మాత్రమే సినిమా తెరుచుకుంటుందని అందులో రాసి ఉంటుంది. ఉత్సవాల్లో ఆటలు ఆగేది ఎక్కువగా దీని దగ్గరే. రిపేరులో సర్వర్ లోపల తాళం తీసే భాగం, మీడియా బ్లాక్, మార్చి ఉంటారు, విదేశానికి మాత్రం పాత సర్టిఫికెట్ (సర్వర్ గుర్తింపు ఫైలు) వెళ్లి ఉంటుంది, తాళం పట్టదు. లేదా గంటల్లో తేడా వస్తుంది. పారిస్‌లో కూర్చున్నాయన ఉదయం 9 అని తన గడియారం ప్రకారం పెడితే, ఫిబ్రవరిలో అది మనకు మధ్యాహ్నం 1.30. పొద్దున 9.30 ఆటకు వచ్చినవాళ్లు నల్లటి తెర చూసి పోతారు. అందుకే ఆటకు 48 గంటల ముందే తెరుచుకునేలా కేడీఎం అడగాలి. అది అందిన రోజే మొదటి పది నిమిషాలు, మధ్యలో ఐదు, చివర ఐదు వేసి చూడాలి.

ఇక తెర కొలత. మన థియేటర్లకు బాగా వెడల్పాటి స్కోప్ తెరే అలవాటు. అంతకన్నా తక్కువ వెడల్పుండే ఫ్లాట్‌లో తీసిన సినిమా వస్తే రెండు పక్కలా నలుపు మిగులుతుంది. 'తెర నిండలేదని జనం అరుస్తారు' అనుకుని ఆపరేటర్ జూమ్ చేస్తాడు. పైన నటుల నుదుళ్లు, కింద సబ్‌టైటిల్స్ తెగిపోతాయి. ఆ నలుపును నల్లగుడ్డ కదిపి కప్పాలి తప్ప బొమ్మను లాగకూడదు. కరెంటు ఆదా కోసం దీపం తగ్గించడం, మాస్ సినిమాల దెబ్బకు సౌండ్ తగ్గించి అలాగే వదిలెయ్యడం కూడా ఉన్నవే. ఉత్సవానికి ముందు వారం ఇంజినీరును పిలిపించి తెర మీద వెలుగు 14 ఫుట్-ల్యాంబర్టులు ఉండేలా సరిచేయించండి. సర్వర్‌కు, సౌండ్ ర్యాకుకు యూపీఎస్ తప్పనిసరి. కరెంటు పోయి జనరేటర్ అందుకునే అరనిమిషానికి సర్వర్ ఆరిపోతే, అది మళ్లీ లేచేసరికి పావుగంట. ఇంటర్వెల్ సంగతి క్యాంటీన్ వాళ్లతో ముందే తేల్చుకోవాలి. ఈ సినిమాలకు విరామం ఉండదు, మధ్యలో కోసి పెట్టకూడదు.

డబ్బు దగ్గర మెలిక వేరు. కొత్త సినిమాను దర్శకుడు ఇవ్వడు, దాని హక్కులు అమ్మిపెట్టే సేల్స్ ఏజెంట్ ఇస్తాడు. సినిమాకు కొన్ని వందల యూరోల ప్రదర్శన రుసుము ఉంటుంది, అది చేతికందాకే కేడీఎం పంపుతాడు. మన ట్రెజరీ బిల్లులు ఎంత తొందరగా కదులుతాయో మీకు మేం చెప్పాలా? బిల్లు ఆగితే తాళంచెవి ఆగుతుంది, తాళంచెవి ఆగితే ఆట ఆగుతుంది. ఈ రుసుముల మొత్తాన్ని మూడు నెలల ముందే ఒక బ్యాంకు ఖాతాలో విడిగా వేయించి, విదేశానికి పంపే పన్ను కాగితాలు చూడటానికి ఒక చార్టర్డ్ అకౌంటెంటును పెట్టండి.

సెన్సార్ సర్టిఫికెట్ లేని సినిమాలకు కేంద్ర సమాచార ప్రసార శాఖ నుంచి మినహాయింపు తేవాలి. 1952 సినిమాటోగ్రాఫ్ చట్టం 9వ సెక్షన్ కింద ఇస్తారు. సినిమాల జాబితా, కథాసారాంశాలు, చూసి ఎంపిక చేసిన కమిటీ వివరాలు జతచెయ్యాలి. 2025 డిసెంబరులో తిరువనంతపురం ఉత్సవంలో 19 సినిమాలకు మొదట ఇది అందక ఆటలు నిలిచాయి. వందేళ్ల కిందటి 'బ్యాటిల్‌షిప్ పొటెంకిన్' కూడా వాటిలో ఉంది. అంత అనుభవమున్న ఉత్సవానికే ఆ గతి పట్టిందంటే మనం ఎంత ముందు మేలుకోవాలో చూడండి. మినహాయింపు మీద వేసే సినిమాకు కౌంటర్లో టికెట్టు అమ్మకూడదు, పేరు నమోదు చేసుకున్న డెలిగేట్లకే చూపాలి. పుణ్యక్షేత్రంలో ఏం చూపిస్తున్నారని ఎవరైనా అడిగితే జవాబు కూడా అదే: 18 నిండి, వివరాలు చదివి, కార్డు తీసుకున్నవాళ్లే లోపలున్నారు. ఆటకు టోకెన్లు, టైం స్లాట్లు ఎలా పెట్టాలో మాత్రం తిరుపతికి బయటివాళ్లు నేర్పనక్కర్లేదు.

తేదీలకు పంచాంగం దగ్గర పెట్టుకోవాలి. బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి రోజుల్లో ఊళ్లో గది దొరకదు. సంక్రాంతికి తెర దొరకదు. శ్రీకాళహస్తిలో శివరాత్రి, ఆ వెంటనే ఇంటర్ పరీక్షలు. ఇక మిగిలేది ఫిబ్రవరి మొదటి సగమే, అందులోనూ రథసప్తమి పడితే ఆ రెండు మూడు రోజులు తప్పించాలి. డిసెంబరులో చెన్నై ఉత్సవానికి వచ్చిన సినిమాలను అప్పటికి అడిగి తెచ్చుకోవచ్చు కూడా.

తెలుగు సబ్‌టైటిల్స్ గురించి కొంచెం ఓపిక పట్టి చదవండి. విదేశీ సినిమాలు ఇంగ్లీషు సబ్‌టైటిల్స్‌తో వస్తాయి. అవి అందుకోలేనివాళ్లు మొదటి ఆట సగంలో లేచిపోతారు, రెండో రోజు రారు. ముప్ఫైలో పదింటికైనా తెలుగు పెట్టండి. ఒక సినిమాకు వెయ్యి నుంచి పదిహేను వందల సబ్‌టైటిల్స్ ఉంటాయి. ఒక్కో వరస రెండు మూడు సెకన్లే నిలుస్తుంది కాబట్టి అక్షరం అక్షరం దించకూడదు, కుదించాలి. మా అంచనాలో ఒక మనిషికి వారం పని. ఎస్వీ యూనివర్సిటీ, పద్మావతి మహిళా యూనివర్సిటీ విద్యార్థులకు ఇవ్వండి, కూలి గట్టిగా ఇవ్వండి. పాత పుస్తకాల తెలుగు మాత్రం వద్దు. ఇరాన్ పల్లెటూరి ముసలమ్మ 'నేను వెళ్లుచున్నాను' అంటే హాలంతా నవ్వుతుంది. 'పోతా ఉండా' అంటే మదనపల్లె, కుప్పం వాళ్లకు ఆమె పక్కింటి మనిషి అవుతుంది.

అక్షరాలనే పాత సర్వర్‌కు అప్పగిస్తే ఇంకో చిక్కుంది. దానికి వత్తులు కలపడం రాదు. 'స్త్రీ' అన్న మాట 'స్‌త్‌రీ' అని ముక్కలై పడుతుంది. ఒక్కో వరసనూ బొమ్మగా మార్చి ఎక్కిస్తే ఈ బాధ లేదు. కానీ అవతలివాళ్ల డీసీపీని మనం ముట్టుకోలేం కదా. అందుకని తెర కింద రెండడుగుల తెల్ల పట్టీ కట్టి, చిన్న ప్రొజెక్టరుతో విడిగా వెయ్యాలి. దానికి ఒక మనిషి కూర్చుని ఒక్కో సబ్‌టైటిల్‌కూ మీట నొక్కాలి. ఆ మనిషి సినిమాను ముందే రెండుసార్లు చూసి ఉండాలి. రెండు వరసల మధ్య ఎడం కాస్త ఎక్కువ పెట్టండి, లేకపోతే పై వరస వత్తులు కింది వరస గుడిదీర్ఘాల్లో చిక్కుకుంటాయి.

చిత్తూరుకు మూడు సినిమాలతో ఒక రోజు ఇవ్వండి. తెలుగు సబ్‌టైటిల్స్ ఉన్నవే పంపండి. కాకపోతే ఆ థియేటర్ సర్వర్‌కూ విడిగా కేడీఎం అడగాలని మరిచిపోవద్దు.

ఇవన్నీ ఒప్పుకోవడానికి మీకు సమయం పడుతుందని తెలుసు. ఈలోగా పైసా ఖర్చు లేని పని ఒకటుంది. తిరుపతిలో, చిత్తూరులో డీసీపీ ఆడే ప్రతి తెర సర్వర్ నంబరు, దాని తాజా సర్టిఫికెట్ జిల్లా యంత్రాంగం ద్వారా తెప్పించి ఒకచోట పెట్టించండి. ఒక్కో ఫైలు కొన్ని కిలోబైట్లే, పెన్‌డ్రైవ్‌లో ఒక మూల సరిపోతుంది.

ఇట్లు,
తిరుపతి, చిత్తూరు ఫిలిం సొసైటీ మిత్రులం