సంపాదిస్తే పెన్షన్ పోతుందా?

సంపాదకులు గారికి,

2024 జులై 1న మన ఆంధ్రప్రదేశ్‌లో దివ్యాంగుల పెన్షన్ 3,000 నుంచి 6,000 రూపాయలకు పెరిగింది. మంచానికో వీల్‌చైర్‌కో పరిమితమైనవారికి 15,000 ఇస్తున్నారు. కేంద్రం పెన్షన్ అయితే 80 శాతం వైకల్యం ఉంటే తప్ప రాదు, వచ్చేదీ 2012 నాటి 300 రూపాయలే. ఆ లెక్కన రాష్ట్రం ఇస్తున్నది పెద్ద మొత్తమే, కాదనను. నా బాధల్లా దానికి తగిలించిన ఆదాయ పరిమితి గురించే.

2019 చివర్లో పెట్టిన అర్హత నిబంధనల ప్రకారం కుటుంబ ఆదాయం నెలకు పల్లెల్లో 10,000, పట్టణాల్లో 12,000 దాటకూడదు. (కరెంటు వాడకం నెలకు 300 యూనిట్లు దాటకూడదన్నది మరో షరతు. ఇద్దరన్నదమ్ములు ఒకే మీటరు మీద ఉంటే ఎండాకాలంలో ఫ్యాను కట్టేసుకోవాలేమో!) లెక్క కుటుంబానిది, వైకల్యం మాత్రం మనిషిది. అందరూ నడిచిపోయే చోటికి నడవలేనివాడికి ఆటో కావాలి. అన్నకు జీతం వస్తున్నంత మాత్రాన ఆ ఆటో ఖర్చు తగ్గుతుందా?

మా వీధిలో పోలియోతో ఎడమ కాలు చచ్చుబడిన దర్జీ ఉన్నాడు. మిషన్‌కు మోటారు బిగించుకుని కుడి కాలితోనే నడుపుతాడు. అతని దగ్గర జాకెట్లు కుట్టించుకోవడానికి పక్క ఊళ్ల నుంచి కూడా వస్తారు. ఆమధ్య ఓ బట్టల షాపువాళ్లు నెల జీతం మీద కటింగ్ పనికి రమ్మన్నారు. వెళ్లలేదు. ఎందుకయ్యా అంటే, “జీతం బ్యాంకులో పడితే మన ఊరి సచివాలయంలో తెలిసిపోద్ది సార్. పెన్షన్ ఆపేస్తారు. ఆరు నెలలకు షాపువాళ్లు వద్దంటే నేనెవరి దగ్గరికి పోవాలి?” అన్నాడు.

ఆ భయం ఊరికే వచ్చింది కాదు. 2025లో వైకల్యం ఎంత శాతమో తేల్చి ఇచ్చే సదరం సర్టిఫికెట్లను మళ్లీ పరిశీలించి నోటీసులిచ్చినప్పుడు ఎంత కంగారు పుట్టిందో చూశాం. దొంగ సర్టిఫికెట్లు ఏరేయాల్సిందే. కానీ ఉన్న పెన్షన్ నిలబెట్టుకోవడానికే ఇంత తిప్పలైతే, పోయిన పెన్షన్ మళ్లీ తెచ్చుకోగలనన్న ధైర్యం ఎవరికుంటుంది?

సర్కారు కొలువుల్లో 4 శాతం రిజర్వేషన్ ఉంది కదా అంటారు. అవెన్ని, ఎందరికి అందుతాయి? మిగతావారు చిన్న జీతమో, సొంత దుకాణమో చూసుకోవాలి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 37వ సెక్షన్ పేదరిక నిర్మూలన పథకాల్లోనూ, వ్యాపారం పెట్టుకోవడానికి రాయితీపై ఇచ్చే స్థలాల్లోనూ 5 శాతం కేటాయించమంటోంది. ప్రతి జిల్లాలో ఇలా ఎవరెవరికి ఇచ్చారో జాబితా బయటపెడితే సంగతి తేలిపోతుంది.

దివ్యాంగుల పెన్షన్‌కు కుటుంబ ఆదాయం చూడటం మానేయాలి. కొత్తగా పనిలో చేరినవారికి కనీసం రెండేళ్లు పెన్షన్ కొనసాగించాలి. ఆ తర్వాత ఆపినా, పని పోయిన నెల నుంచే కొత్త దరఖాస్తూ, మళ్లీ సదరం పరీక్షా లేకుండా ఇవ్వాలి. ఇందుకు అసెంబ్లీలో బిల్లు కూడా అక్కర్లేదు. జీవోతో పెట్టిన షరతే కాబట్టి మరో జీవోతో తీసేయవచ్చు.

— ఒక పాఠకుడు, పల్నాడు జిల్లా