ప్యాకెట్ మీద ఒక వాక్యం తీసేశాం

మా దగ్గర నల్ల బియ్యం, ఎర్ర బియ్యం కొంటున్న వారందరికీ నమస్కారం. ‘యాంటీ ఆక్సిడెంట్లు పుష్కలం, షుగర్, గుండెజబ్బు, క్యాన్సర్ దూరం’ అన్న వాక్యం ఇకపై మా ప్యాకెట్ల మీద ఉండదు. బియ్యం మారలేదు. ఆ వాక్యంలో మొదటి సగం నిజం. రెండో సగం మేం రుజువు చేయలేనిది, అసలు రాయకూడనిది.

నిజమైన సగం సంగతి ముందు. కణాలను దెబ్బతీసే ఆక్సీకరణను అడ్డుకునే పదార్థాలనే యాంటీ ఆక్సిడెంట్లు అంటారు. ఈ బియ్యానికి రంగునిచ్చేవి కూడా అలాంటివే. ఆ రంగంతా తవుడు పొరలోనే ఉంటుంది. ఊక తీసిన గింజ బరువులో తవుడు పదోవంతుకు అటూ ఇటూ, అంతే. నల్ల బియ్యంలో ఆ రంగు ఆంథోసయనిన్లు అనే మొక్కల రంగు పదార్థాలది, అందులోనూ ఎక్కువ పాలు సయనిడిన్-3-గ్లూకోసైడ్‌ది. ఎర్ర బియ్యంలో ఉండేవి ప్రోయాంథోసయనిడిన్లు. నమిలితే కాస్త వగరు తగిలేది వీటివల్లే. ఫెరులిక్ ఆమ్లం, గామా ఒరైజనాల్, విటమిన్ ఇ అనే మరికొన్ని యాంటీ ఆక్సిడెంట్లు మాత్రం రంగులేని ముడిబియ్యంలోనూ ఉంటాయి. పాలిష్ పడితే ఇవన్నీ తవుడుతోపాటే పోతాయి. గింజ మీద ఎర్రటి చారలు మాత్రమే మిగిలాయంటే అది సగం పాలిష్ పట్టిన బియ్యం. త్వరగా ఉడుకుతుంది, తినడానికి కూడా మెత్తన, కానీ మీరు దేనికోసం కొన్నారో అది సగానికి సగం తగ్గినట్టే. అందుకే అలాంటి ప్యాకెట్ మీద ‘సగం పాలిష్’ అని పెద్ద అక్షరాల్లో వేస్తున్నాం.

ఇక రెండో సగం. ల్యాబులో పరీక్షనాళికలో కొలిచిన యాంటీ ఆక్సిడెంట్ శక్తి ఒంట్లోనూ అంతే పనిచేస్తుందని అనుకోవడానికి లేదు. ‘ఓరాక్’ అనే ఆ అంకెల పట్టికను అమెరికా వ్యవసాయ శాఖ 2012లో తన వెబ్‌సైట్ నుంచి తీసేసింది. ఆ అంకెలకూ ఆరోగ్యానికీ నేరుగా లంకె లేదని, అమ్మకాల కోసం వాటిని వాడేస్తున్నారని చెప్పింది. మనం తిన్న ఆంథోసయనిన్లలో ఉన్నదున్నట్టుగా రక్తంలోకి చేరేది చాలా కొద్ది. మిగతాది పేగుల్లోని సూక్ష్మజీవుల చేతిలో చిన్నచిన్న ఆమ్లాలుగా మారుతుంది. వాటివల్ల మేలు ఉండొచ్చు. మందు చేసే పని చేస్తాయని మాత్రం చెప్పలేం.

షుగర్ ఉన్నవాళ్లు ఇక్కడే మోసపోతారు. రంగు బియ్యమైనా 100 గ్రాములకు సుమారు 350 కేలరీలు, 70 గ్రాములకు పైగా పిండిపదార్థం. తెల్ల బియ్యం కంటే పీచు ఎక్కువ, అది మంచిదే. అంతమాత్రాన రెండింతలు తింటే లెక్క తప్పుతుంది. కొలత మార్చకుండా తిని, రెండు గంటలకు గ్లూకోమీటర్‌లో చూసుకోండి. మీ ఒంటికి ఏది పడుతుందో మా లేబుల్ కంటే అదే సరిగ్గా చెబుతుంది. మందులు మాత్రం ఆపకండి.

వండటంలో ఒక చిక్కుముడి ఉంది, దాచకుండా చెబుతున్నాం. ఆంథోసయనిన్లు నీళ్లలో కరుగుతాయి, వేడికి విరిగిపోతాయి. వాటిని కాపాడుకోవాలంటే గ్లాసు నల్ల బియ్యాన్ని ఒక్కసారి కడిగి, రెండున్నర గ్లాసుల నీళ్లలో 8 గంటలు నానబెట్టి, ఆ నీళ్లతోనే అత్తెసరు పెట్టాలి. ఎండాకాలమైతే ఫ్రిజ్‌లో నానబెట్టండి, లేకుంటే పులుస్తుంది. మూత పెట్టి సన్నమంట మీద 30–35 నిమిషాలు ఉడికించి, దించాక 10 నిమిషాలు కదపకండి. నానబెట్టకుండా మంట పెంచితే తవుడు పొర నీళ్లను లోపలికి త్వరగా పోనివ్వదు. ఎసరు ఇగిరిపోతుంది, గింజ నడుమ పలుకు మిగులుతుంది. తెల్ల బియ్యం కలుపుకోవాలంటే నల్లది 15 నిమిషాలు ఉడికాకే వేయండి.

చిక్కల్లా ఆర్సెనిక్ అనే విషపదార్థంతో. నేల నుంచి, నీటి నుంచి గింజలోకి వచ్చే అకర్బన ఆర్సెనిక్ కూడా తవుడులోనే ఎక్కువ. ఒకటికి ఆరు వంతుల నీళ్లు పోసి గంజి వార్చేస్తే అది సగం దాకా తగ్గుతుంది, కానీ రంగూ గంజితోపాటే పోతుంది. రెండూ ఒకేసారి దక్కవు. చిన్నపిల్లలకు పెట్టేటప్పుడు, మూడు పూటలా అన్నమే తినే ఇంట్లో గంజి వార్చడమే మా సలహా. అప్పుడప్పుడు తినేవాళ్లు అత్తెసరు పెట్టుకోవచ్చు.

‘నీళ్లు ఊదాగా వస్తున్నాయి, రంగు పూశారా?’ అని చాలామంది అడుగుతున్నారు. నల్ల బియ్యం కడిగితే రంగు రావడం సహజమే. గింజను విరిచి చూడండి, లోపల తెల్లగా ఉండాలి. తెల్ల గింజకు రంగు వేస్తే అది పగుళ్ల గుండా లోపలికి దిగుతుంది. నీళ్లలో నిమ్మరసం పిండితే ఎర్రబడటం ఆంథోసయనిన్ లక్షణమే కానీ, వేరే మొక్క నుంచి తీసిన రంగు పూసినా అలాగే మారుతుంది. ఆ ఒక్క పరీక్షను నమ్ముకోకండి.

నిల్వ విషయంలోనూ తవుడుదే పేచీ. అందులో నూనె ఉంటుంది, దాన్ని విరగ్గొట్టే లైపేజ్ ఎంజైమూ ఉంటుంది. ఊక తీసిన రోజు నుంచే ఆ పని మొదలవుతుంది. అందుకే ప్యాకింగ్ తేదీ పక్కన మిల్లు ఆడించిన తేదీ కూడా వేస్తున్నాం. ఆ తేదీ నుంచి ఆరు నెలల్లోపు, గాలి చొరని డబ్బాలో, వేడి తగలని చోట ఉంచి వాడేయండి. ఫ్రిజ్‌లో పెడితే ఇంకా కొన్నాళ్లు ఆగుతుంది. ఆ గడువులోపు పాత నూనె వాసన వస్తే ప్యాకెట్ వెనక్కి తీసుకుంటాం. పలుకుగా ఉడికిందంటే మాత్రం ముందు ఎన్ని గంటలు నానబెట్టారని అడుగుతాం.