పటంలో కనిపించేది నాచు, విషం కాదు

సంపాదకులకు,

సరస్సు పచ్చబడిందంటే చాలు, ఉపగ్రహ చిత్రం ఒకటి వేసి 'విషపు నీరు' అని రాసేస్తున్నారు. ఏ ఉపగ్రహానికీ విషం కనబడదు. ఈ నాచు తయారుచేసే మైక్రోసిస్టిన్ అనే విషానికి నీటి రంగు మార్చే గుణం లేదు. పైనుంచి దొరికేది నాచులోని వర్ణకాల జాడే. పైగా ఆ విషానికి మూలమైన మైక్రోసిస్టిస్ అనే నీలి ఆకుపచ్చ నాచులో విషం తయారుచేసే రకాలూ, చేయనివీ కలిసే పెరుగుతాయి.

ఆ జాడ కూడా అన్ని ఉపగ్రహాలకూ ఒకేలా అందదు. నీలి ఆకుపచ్చ నాచుకు గుర్తు ఫైకోసయనిన్ అనే వర్ణకం. అది 620 నానోమీటర్ల దగ్గర కాంతిని పీల్చుకుంటుంది. ఐరోపా ఉపగ్రహం సెంటినెల్-3కి ఆ బ్యాండ్, అంటే ఆ కాంతిని విడిగా కొలిచే వీలు ఉంది, కానీ పిక్సెల్ (చిత్రంలోని ఒక్కో చుక్క) 300 మీటర్లు. ఒడ్డు కలవని పిక్సెల్ ఒక్కటి దొరకాలన్నా సరస్సు వెడల్పు 900 మీటర్లయినా ఉండాలి. చిన్న చెరువులకు 10-20 మీటర్ల పిక్సెల్ ఉన్న సెంటినెల్-2 పనికొస్తుంది. దానికి 620 బ్యాండ్ లేదు. 705, 665 నానోమీటర్ల బ్యాండ్ల తేడాను వాటి మొత్తంతో భాగిస్తే పత్రహరితం అంచనా వస్తుంది గానీ, అది ఏ నాచుదో తేలదు. గుర్రపుడెక్క పరుచుకున్నా ఆ అంకె ఎగబాకుతుంది.

అన్నిటికన్నా ఎక్కువ మోసం చేసేది గాలి. ఈ నాచు కణాల్లో గాలి బుడగలుంటాయి. గాలి లేని ఉదయం అదంతా పైకి తేలి తెట్టు కడుతుంది, నాచు చిక్కదనాన్ని రంగుల్లో చూపే పటం ఎర్రగా మండిపోతుంది. మర్నాడు గాలి వీస్తే నాచు లోతుకు కలిసిపోతుంది, పటం శుభ్రంగా కనిపిస్తుంది. నీటిలో నాచు మాత్రం అంతే ఉంటుంది. ఉపగ్రహం కొలిచే ఎర్ర కాంతి మసక నీటిలో మీటరు లోతు దాటడమే కష్టం. మరి తాగునీటిని తోడే గొట్టం అంతకన్నా కిందే ఉంటుంది కదా!

కాబట్టి పటం చేయాల్సిన పని, సీసా ఎక్కడ ముంచాలో చూపడం. ఉపగ్రహం దాటే వేళకు అటూ ఇటూ మూడు గంటల్లో, పటంలో చిక్కగా ఉన్నచోటా, నీరు తోడే లోతులోనూ నమూనాలు తీయాలి. ఒక సీసాలో లేత టీ రంగు వచ్చేదాకా నాచు చెడకుండా ఉంచే లుగాల్ అయోడిన్ ద్రావణం కలిపి సూక్ష్మదర్శినికి పంపాలి. విషం కొలవడానికి అయోడిన్ లేని రెండో సీసా కావాలి. కొన్ని ప్లాస్టిక్‌లకు మైక్రోసిస్టిన్ అంటుకుపోతుంది కనుక అది ముదురు రంగు గాజుదై ఉండాలి, మంచులో పెట్టి పంపాలి. ప్రయోగశాలలో మూడుసార్లు గడ్డకట్టించి కరిగిస్తేనే కణాల లోపలి విషం లెక్కకొస్తుంది.

2014 ఆగస్టులో అమెరికాలోని ఈరీ సరస్సు నీటిని వాడే టొలీడో నగరంలో కుళాయి నీరు తాగవద్దని ప్రకటించింది శుద్ధిచేసిన నీటిలో విషం పరీక్ష చూశాకే. మరిగిస్తే ఈ విషం పోదు, ఆ సంగతి కూడా అప్పుడే చెప్పాల్సి వచ్చింది.

ఇకపై ఇలాంటి చిత్రం వేసినప్పుడు ఉపగ్రహం పేరు, తీసిన తేదీ, ఆనాటి గాలి వేగం, నీటి పరీక్ష జరిగిందో లేదో కిందనే అచ్చువేయండి.