పోయిన పాత కవర్ల గురించి తపాలా ఉన్నతాధికారి గారికి బహిరంగ లేఖ

అయ్యా, నమస్కారం.

పాలమూరు, నల్లగొండ పక్క పాత స్టాంపులు, హాలీ సిక్కాలు అనే నిజాం కాలం నాణేలు కూడబెట్టేవాళ్ళం మేము. ఇంట్లోవాళ్ళు దీన్ని పిచ్చి అంటారు, అననివ్వండి.

నిజాం సర్కారు మొదటి స్టాంపు 1869లో వచ్చింది. విడి స్టాంపు ఎక్కడైనా దొరుకుతుంది. గద్వాలదో వనపర్తిదో తపాలా ముద్ర తేటగా పడ్డ పాత కవరు పోతే మాత్రం అలాంటిది మళ్ళీ దొరకదు. పోయినసారి మాలో ఒకాయనకు రావాల్సిన కవరు దారిలోనే మాయమైంది. ట్రాకింగ్‌లో ఒక ఊరి పేరు దగ్గరే ఆగిపోయింది.

స్పీడ్ పోస్టులో పోతే పరిహారం, కట్టిన చార్జీకి రెట్టింపు లేదా వెయ్యి రూపాయలు, ఏది తక్కువైతే అది. 2025లో రిజిస్టర్డ్ పోస్టు కూడా స్పీడ్ పోస్టులోనే కలిసింది. ఇన్సూరెన్స్ చేయొచ్చని కౌంటర్లో ఎవరూ చెప్పరు. మనమే అడగాలి.

దొరికినవీ ఉన్నాయి. చినిగిన పార్సిల్లోంచి జారిన సిక్కాలు నల్లగొండ మిత్రుడికి తిరిగొచ్చాయి. లోపల చీటీ మీద ఆయన చిరునామా ఉండబట్టి! ఆ సిబ్బందికి దండం పెట్టాలి.

మేం అడిగేది ఇదే. చిరునామా చెదిరి మిగిలిపోయిన వస్తువుల వివరాలు జిల్లా కేంద్రంలో నోటీసు బోర్డు మీద పెట్టించండి. ఇన్సూరెన్స్ రేట్లు తెలుగులో కౌంటర్ దగ్గర రాయించండి. పాత కవర్ల మీద కొత్త ముద్ర కొట్టొద్దని కూడా ఒక మాట చెప్పండి.

పోయినవాటి జాబితా, ఫొటోలతో సహా, మీరు ఎప్పుడు రమ్మంటే అప్పుడు తెస్తాం.

ఇట్లు,
పాలమూరు సేకరణదారులు