ఈ ఏడాది మనం ఫాసిజం గురించి ఏం చదివాం: సభ్యులకు వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం. ఉగాది, బతుకమ్మ, ఇంకుడు గుంతల పూడికతీత, పదో తరగతి పిల్లలకు సాయంత్రం ట్యూషన్లు, అన్నీ ఎప్పటిలాగే జరిగాయి. ఫొటోలు గ్రూపులో చూసే ఉంటారు, జమాఖర్చులు నోటీసు బోర్డులో పెట్టాం, కాబట్టి వాటి జోలికి మళ్లీ వెళ్లను. నెలనెలా ఆదివారం సాయంత్రం జరిగిన చదువు సమావేశాల గురించి మాత్రం కాస్త వివరంగా రాయాలి, ఈ ఏడాది మనం ఎక్కువగా కష్టపడింది అక్కడే.

అంశం ఫాసిజం. పోయిన సర్వసభ్య సమావేశంలో దీన్ని అడిగింది మన కుర్రవాళ్లు. ఎన్నికలప్పుడు కాలనీ గ్రూపులో ఎవరికి కోపమొస్తే వాళ్లు ఎదుటివాళ్లను ఫాసిస్టు అనేస్తున్నారు, అసలు అది ఎక్కడ పుట్టింది, ఎలా గద్దెనెక్కింది అన్నది తెలుసుకుని మాట్లాడదాం అన్నారు. ఇప్పటి పార్టీల పేర్లు ఎత్తకూడదని షరతు పెట్టుకున్నాం. ముందు సరేనన్న హాలు వాళ్లు అంశం వినగానే టెన్షన్ పడి కుదరదన్నారు, దాంతో ఏడాదంతా మేడ మీదే కూర్చున్నాం. పుస్తకాలు కొన్ని చిక్కడపల్లి లైబ్రరీలో దొరికాయి, కొన్ని ఆదివారం పూట అబిడ్స్ ఫుట్‌పాత్ మీద.

మొదట్లో నిర్వచనాలు పట్టుకుని కూర్చున్నాం, ఏమీ తేలలేదు. కారణం తర్వాత అర్థమైంది. ఇటలీలో ముస్సోలినీ మిలాన్‌లో ఫాసిస్టు ఉద్యమం మొదలుపెట్టింది 1919 మార్చి 23న, ప్రధాని అయింది 1922 అక్టోబరులో. మా సిద్ధాంతం ఇదీ అంటూ ఇటలీ విజ్ఞాన సర్వస్వంలో అతని పేరుతో వ్యాసం వచ్చింది మాత్రం 1932లో, అందులోనూ మొదటి భాగం తత్వవేత్త జెంటీలే రాసిపెట్టిందే. అంటే అధికారంలో పదేళ్లు గడిచాక సిద్ధాంతం! అందుకే వాళ్లు చెప్పుకున్నది పక్కనపెట్టి, చేసిన పనులను తేదీల వారీగా చదవడం మొదలుపెట్టాం. అప్పటినుంచి చర్చ దారిలో పడింది.

1919 ఎన్నికల్లో ఫాసిస్టులకు ఒక్క సీటూ రాలేదు. 1921కల్లా 35 మంది పార్లమెంటులో కూర్చున్నారు. మధ్యలో ఏం జరిగిందంటే, ఉత్తర ఇటలీలోని పో నది లోయలో వ్యవసాయ కూలీల సంఘాలు బాగా బలపడి కూలి రేట్లు పెంచమని గట్టిగా అడుగుతుంటే, భయపడిన భూస్వాములు ముస్సోలినీ అనుచరుల నల్లచొక్కాల దళాలకు డబ్బు, లారీలు సమకూర్చారు. ఆ దళాలు రాత్రుళ్లు ఊళ్ల మీద పడి సంఘాల ఆఫీసులు, సహకార సంఘాల దుకాణాలు తగలబెట్టేవి. నాయకులను పట్టుకుని బలవంతంగా ఆముదం తాగించి, అదే స్థితిలో నలుగురిలో నిలబెట్టేవి. మొదట వినగానే ఒకరిద్దరు నవ్వారు, మోతాదు ఎక్కువైతే ప్రాణం మీదికి వచ్చేదని తెలిశాక ఊరుకున్నారు. మనిషిని నొప్పి కంటే సిగ్గుతో లొంగదీయడం వాళ్ల పద్ధతి అని మన రిటైర్డ్ లెక్చరర్ మేడమ్ గారు చెప్పింది నాకు బాగా గుర్తుండిపోయింది. పోలీసులు చాలాచోట్ల చూస్తూ ఊరుకున్నారు.

ఇక రోమ్ మీదికి దండయాత్ర. చిన్నప్పుడు పరీక్షల కోసం ముస్సోలినీ సైన్యంతో వెళ్లి రాజధానిని గెలిచాడన్నట్టు చదువుకున్నాం. జరిగింది అది కాదు. ప్రధాని ఫాక్టా సైనిక శాసనం విధించే ఉత్తర్వు సిద్ధం చేశాడు, రాజు విక్టర్ ఎమ్మాన్యుయేల్ సంతకం పెట్టనన్నాడు. పైగా ముస్సోలినీని పిలిచి ప్రభుత్వం అప్పగించాడు. పిలుపు వచ్చాక ఆయన మిలాన్ నుంచి రైలెక్కి దర్జాగా వచ్చాడు, అప్పటికి వయసు 39. తలుపు బద్దలు కొట్టలేదు, లోపలివాళ్లే గడియ తీశారు.

జర్మనీలోనూ అంతే. నాజీలకు 1928లో 2.6 శాతం ఓట్లు, ఆర్థిక మాంద్యం వచ్చి నిరుద్యోగులు 60 లక్షలకు చేరిన 1932 జులైలో 37.3 శాతం, అదే ఏడాది నవంబరులో 33.1కి తగ్గాయి. తగ్గుతున్న ఆ పార్టీ నాయకుడు హిట్లర్‌ను 1933 జనవరి 30న ఛాన్సలర్‌గా కూర్చోబెట్టింది అధ్యక్షుడు హిండెన్‌బర్గ్, మనం అదుపులో పెట్టుకోవచ్చులే అనుకున్న మాజీ ఛాన్సలర్ పాపెన్ లాంటి పెద్దమనుషులు. ఫిబ్రవరి 27న పార్లమెంటు భవనం కాలింది, మర్నాడే పౌరహక్కులు పోయాయి. మార్చి 23న ఒక ఒపేరా హాల్లో, యూనిఫారాల్లో ఉన్న నాజీ కార్యకర్తలు వరుసగా నిలబడి చూస్తుండగా, చట్టాలు చేసే అధికారం హిట్లర్ ప్రభుత్వానికి ఇచ్చేస్తూ ఓటింగు. కమ్యూనిస్టు సభ్యులను అసలు రానివ్వలేదు. 444 మంది సరేనన్నారు. కాదన్న 94 మందీ సోషల్ డెమొక్రాట్లే, వాళ్ల నాయకుడు ఓటో వెల్స్ ఆ గుంపు ముందే లేచి వ్యతిరేకంగా మాట్లాడాడు. ఈ పేరు మన పిల్లలకు తెలియాలని నా కోరిక.

నన్ను బాగా కలవరపెట్టింది ఆ తర్వాతి భాగం. ఆ ఏడాది మే 1ని ప్రభుత్వం జీతంతో కూడిన సెలవు చేసింది, కార్మిక సంఘాలు కూడా ఊరేగింపుల్లో నడిచాయి, 2వ తేదీ పొద్దున్నే ఆ సంఘాల ఆఫీసులన్నిటినీ ఆక్రమించి నాయకులను జైళ్లలో పడేశారు. అక్కడితో ఆగలేదు. పాటల సంఘాలు, వ్యాయామశాలలు, చదరంగం క్లబ్బులు, అంటే అచ్చం మనలాంటి వాళ్లు, వాటిలోకీ నాజీలు వచ్చారు. ఎన్నికైన కార్యవర్గం పోయి ఒకే నాయకుడు, ఆయన మాటే నిబంధన. యూదు సభ్యులను తీసేయడం చాలా క్లబ్బులు పైనుంచి ఆర్డరు రాకముందే చేసేశాయి, ఏళ్ల తరబడి పక్కన కూర్చుని పాడినవాళ్లే! ఇటలీలో 1925లో కార్మికుల తీరిక వేళల కోసం ప్రభుత్వమే ఒక సంస్థ పెట్టి, ఊళ్లలోని వినోద సంఘాలను అందులో కలిపేసింది. మనిషికీ ప్రభుత్వానికీ మధ్య నలుగురు తమంతట తాము కూడే చోటు ఉండకూడదు, కూడితే పార్టీ నీడలోనే కూడాలి. ఫాసిజాన్ని మామూలు నియంతృత్వం నుంచి వేరుచేసేది ఇదేనని నా అభిప్రాయం.

ఇక్కడే మన ఊరి ప్రస్తావన వచ్చింది. నిజాం కాలంలో గస్తీ నిషాన్ 53 అనే ఉత్తర్వు ఉండేదిగా, సభ పెట్టాలంటే ముందే అనుమతి తీసుకోవాలి, మరి అదీ ఫాసిజమేనా అని ఒకరు అడిగారు. కాదు. సుల్తాన్ బజార్లోని శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం 1901 నుంచీ ఉంది, అయినా గ్రంథాలయోద్యమం ఎన్ని ఇబ్బందులు పడిందో పెద్దలకు తెలుసు, కానీ నిజాంకు కావలసింది జనం ఇళ్లలో కిక్కురుమనకుండా ఉండటం. ఫాసిస్టుకు జనం వీధిలో కావాలి, యూనిఫాం వేసుకుని, శత్రువు ఫలానా వాడని అరుస్తూ. మరి 1948 ఆగస్టులో కాచిగూడలో ఇమ్రోజ్ సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను చంపిన రజాకార్లను ఏమనాలి? ఆ సాయంత్రం వాదన దీపాలు పెట్టేదాకా సాగింది, తేలలేదు, తేలాల్సిన అవసరమూ లేదు. ఎమర్జెన్సీ గురించీ గట్టిగానే మాట్లాడుకున్నాం. 1977లో ఇందిరా గాంధీ ఎన్నికలు పెట్టారు, ఓడారు, దిగిపోయారు అన్న తేడాను చాలామంది ఒప్పుకున్నారు.

వచ్చే ఏడాదికి గ్రంథాలయోద్యమం చదవాలని అనుకుంటున్నాం. ఇంకో విషయం. మన కార్యవర్గం ఎన్నో ఏళ్లుగా ఏకగ్రీవంగానే ఎన్నికవుతోంది, ఈసారి నామినేషన్లు పిలిచి రహస్య ఓటు పెట్టాలని సభ్యులు కొందరు రాసిచ్చారు. అధ్యక్ష పదవి వరుసగా రెండుసార్లకు మించి ఎవరికీ ఉండకూడదన్నది వాళ్ల రెండో ప్రతిపాదన. నేను రెండిటినీ సమర్థిస్తున్నాను. వచ్చే సర్వసభ్య సమావేశం ఎజెండాలో పెడుతున్నాం, అభ్యంతరాలుంటే వారం ముందే రాసివ్వండి. చందా బాకీ ఉన్నవాళ్లు కూడా ఈసారి ఓటు వేయొచ్చు.

మీ కార్యదర్శి