పరీక్ష టెన్షన్‌కి ఆదివారం ప్రాక్టీస్ టెస్ట్

అందరికీ హాయ్! పరీక్షలు దగ్గరపడ్డాయి, టెన్షన్ అందరికీ ఉంది. నాక్కూడా. అందుకే ఈ ఆదివారం ఉదయం 10 గంటలకు మన క్లాస్‌రూమ్‌లోనే ఒక ప్రాక్టీస్ టెస్ట్ పెట్టుకుంటున్నాం. అచ్చం అసలు పరీక్షలాగే: టైమర్, ఫోన్లు ఆఫ్, మాటల్లేవు. మార్కులు ఎవరూ అడగరు.

మొదలుపెట్టే ముందు 10 నిమిషాలు మన భయాలన్నీ కాగితం మీద రాద్దాం. వింతగా అనిపిస్తుంది కానీ, 2011లో షికాగో యూనివర్సిటీ పరిశోధకులు సైన్స్ పత్రికలో చెప్పింది ఇదే. బాగా కంగారుపడే విద్యార్థులు పరీక్షకు ముందు ఇలా రాస్తే మార్కులు మెరుగయ్యాయట. రాసింది ఎవరికీ చూపించక్కర్లేదు, చింపేయండి.

పెన్ను, రెండు తెల్లకాగితాలు, వాచీ తెచ్చుకోండి.

శనివారం రాత్రి జాగారం వద్దు ప్లీజ్. నిద్ర లేకపోతే చదివింది కూడా గుర్తురాదు (పోయినసారి నేను చేసిన ఘనకార్యం అదే). గుండె దడదడలాడితే, పీల్చిన దానికంటే ఎక్కువసేపు ఊపిరి వదలండి.

వచ్చేవాళ్లు శుక్రవారం సాయంత్రంలోగా ఇక్కడే 'వస్తా' అని పెట్టండి, పేపర్లు ప్రింట్ తీయాలి. రోజుల తరబడి నిద్ర, తిండి సరిగ్గా లేనివాళ్లు మాత్రం ఆదివారం దాకా ఆగకండి. టీచర్‌తోనో కౌన్సెలర్‌తోనో మాట్లాడండి. తోడు కావాలంటే నేనొస్తా.